అన్నప్రాసనకి వందేళ్ళ నాటి పింగాణీ పళ్ళెం: వాడొచ్చా, అద్దాల బీరువాలో పెట్టాలా?

మియాపూర్_టు_మిషిగన్
పోయిన శనివారం టొలీడో దగ్గర ఒక ఎస్టేట్ సేల్‌లో చిన్నపిల్లల పళ్ళెం ఒకటి కొన్నాను. 60 చెప్పారు, బేరమాడితే 45 డాలర్లకి ఇచ్చారు. మీగడ రంగు, సైజుకి మించిన బరువు, అంచు లోపలికి ఒంగి గుండ్రంగా చుట్టుకుని ఉంది. అంచు లోపలి వైపు వరసగా కోడిపిల్లల బొమ్మలు, పైన ఒక ఆకుపచ్చ గీత. వెనక కంపెనీ పేరు లేదు. మసకబారిన సిరాతో ఆర్, వి అక్షరాలు కలిపి కొట్టిన ముద్ర మాత్రం ఉంది. వెలుతురులో పెట్టి చూస్తే పైనంతా సన్నటి గీతలు అల్లుకుని ఉన్నాయి.

రెండు సంగతులు తేల్చండి. ఇది నిజంగా పాతదేనా, నన్ను ముంచారా? రెండోది అసలు గొడవ. వచ్చే నెల మా పాప అన్నప్రాసన. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు పళ్ళెం చూడగానే "పరమాన్నం ఇందులోనే పెడదాం, ఎంత ముద్దుగా ఉందో" అన్నారు. మా ఆవిడ చచ్చినా వద్దంటోంది. కొన్నది నువ్వే కాబట్టి నువ్వే చెప్పు అని ఇద్దరూ నా మీదకి తోసేశారు.

పింగాణీ_పిచ్చోడు
ముంచలేదు, నిశ్చింతగా ఉండండి. మీరు చెప్పిన గుర్తులన్నీ రోజ్‌విల్ అనే కంపెనీ వాళ్ళ జువెనైల్ సరుకువి, అంటే పిల్లల సామానువి. ఒహాయోలో జేన్స్‌విల్ అనే ఊరుంది, మట్టి మంచిది కావడంతో రోజ్‌విల్, వెల్లర్ లాంటి కంపెనీలన్నీ అక్కడే వెలిశాయి. రోజ్‌విల్ 1954లో మూతపడింది. ఆ ఆర్-వి సిరా ముద్ర 1920ల నాటిది. కోడిపిల్లలే కాకుండా కూర్చున్న కుందేళ్ళు, టోపీ పెట్టిన బాతు, ఎండటోపీ పాప, ఇలా చాలా బొమ్మలు వేశారు. కోడిపిల్లలు ఎక్కువ దొరుకుతాయి, అందుకే మీకు 45కి వచ్చింది. బాతు అయితే ఆ రేటుకి ఇవ్వరు.

బరువు, ఒంగిన అంచు ఊరికే పెట్టినవి కావు. పిల్ల చెంచాతో మెతుకుని తోస్తే అది అంచుకి తగిలి వెనక్కి చెంచాలోనే పడుతుంది. బరువుంటే తిరగబడదు. అప్పట్లో దాదాపు ప్రతి కంపెనీ ఇలాంటివి చేసింది. ఈస్ట్ లివర్‌పూల్‌లో మెక్‌నికల్ అనే కంపెనీ అయితే "హోల్డ్‌ఫాస్ట్ బేబీ ప్లేట్" అని పేరే పెట్టుకుంది.

అటకమీది_పిల్లి
మా వాడు హోల్డ్‌ఫాస్ట్‌ని కూడా కిందికి తోసేస్తాడు. ఛాలెంజ్.

సీసం_సార్
ఆ పళ్ళెంలో తిండి పెట్టకండి. పరమాన్నం కాదు, మరమరాలు కూడా వద్దు.

పాత గ్లేజుల్లో, అంటే మట్టి మీద మెరుపు కోసం పూసే అద్దంలాంటి పూతల్లో, సీసం కలిపేవారు. తక్కువ వేడికే కరుగుతుంది, అద్దంలా మెరుస్తుంది, రంగులు బాగా తేలతాయి, అందుకని. అమెరికాలో పింగాణీ పాత్రల్లోంచి తిండిలోకి దిగే సీసానికి అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హద్దు పెట్టింది 1970ల మొదట్లో. మీ పళ్ళెం దానికి సుమారు యాభై ఏళ్ళ ముందుది. పైగా మీరు చెప్పిన సన్నగీతలు గ్లేజు చిట్లిన గీతలు. గ్లేజు బాగున్న దాని కంటే చిట్లిన దాంట్లోంచి సీసం దిగడం తేలిక. పులుపు తగిలితే ఇంకా. ఇవాళ పరమాన్నం అంటారు, రేపు అదే ముద్దుతో పెరుగన్నం పెడతారు, ఎల్లుండి టమాటా పప్పు.

పసిపిల్లల కడుపు పెద్దవాళ్ళ కంటే ఎక్కువ సీసం పీల్చుకుంటుంది. ఇంతవరకైతే ఫరవాలేదు అని చెప్పగల స్థాయి ఏదీ లేదని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీయే అంటోంది. రక్తంలో డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోమని 2021లో గీత ఇంకా కిందికి దించారు కూడా.

అత్తగారి_పార్టీ
అబ్బబ్బ. మా అమ్మమ్మ పింగాణీ జాడీల్లో ఊరిన ఆవకాయ నాలుగు తరాలు తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్క పూట పరమాన్నానికి ఇంత టెన్షన్ అక్కర్లేదు.

సీసం_సార్
ఏమీ కాలేదని ఎలా తెలుసండీ? ఎవరైనా రక్తపరీక్ష చేయించారా? సీసం చేసే నష్టం జ్వరంలా పైకి కనపడదు.

మీ ఆవకాయ జాడీ కథ వేరు. అది బాగా ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి సరుకు. దాని మీద పూసే గ్లేజుకి సీసంతో పని లేదు. అయినా లోపల రంగుపూత ఉన్న పాత జాడీ అయితే దాన్నీ పరీక్ష చేయించమనే చెప్తాను.

కూకట్‌పల్లి_కుందేలు
షాపులో దొరికే సీసం టెస్ట్ కిట్‌తో రుద్ది చూసుకోవచ్చు కదా, గొడవ వదిలిపోతుంది?

సీసం_సార్
ఆ పుల్లలతో రుద్ది చూసేవి నమ్మకం లేదు. సీసం ఉన్నా లేదని చూపించిన సందర్భాలు ఎక్కువని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థే చెప్పింది. ఎరుపు వస్తే ఉందని అర్థం. రాకపోతే లేదని అర్థం కాదు. ఎక్స్‌ఆర్ఎఫ్ అనే ఎక్స్‌రే మిషన్ పెడితే సీసం ఎంత ఉందో తెలుస్తుంది కానీ, తిండిలోకి ఎంత దిగుతుందో తెలియదు. అది తెలియాలంటే ల్యాబ్‌కి పంపాలి. ఆ ఖర్చుతో ఇంకో పళ్ళెం వస్తుంది.

లీసెస్టర్_శారద
సీసం సార్ చెప్పింది అక్షరాలా నిజం, పాతవాటిలో నేను కూడా తినను, పెట్టను. కానీ ఈ చర్చా దారాన్ని సీసంతో ముగించేస్తారేమోనని భయమేసి వచ్చాను. ఈ పళ్ళేలకి వేరే కథలున్నాయి.

మా ఇంగ్లండ్‌లో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఎక్కువమంది రాయల్ డౌల్టన్ కంపెనీ పిల్లల సామాను బన్నీకిన్స్‌తో మొదలెడతారు. అంచు చుట్టూ పరుగెత్తే కుందేళ్ళు, మధ్యలో కుందేళ్ళ సంసారం. 1934లో వచ్చాయి. బొమ్మలు గీసింది బార్బరా వెర్నన్ బెయిలీ. ఆవిడ కాన్వెంట్‌లో సన్యాసిని, పిల్లలకి పాఠాలు చెప్పేది. వాళ్ళ నాన్న కత్‌బర్ట్ బెయిలీ డౌల్టన్ బర్స్‌లెమ్ ఫ్యాక్టరీకి జనరల్ మేనేజర్. పిల్లల సామానుకి కొత్త బొమ్మలు కావాలని కూతుర్నే అడిగాడు. పగలంతా కాన్వెంట్ పని, రాత్రి కొవ్వొత్తి వెలుగులో కుందేళ్ళు. మొదటి సరుకు మీద బొమ్మ మూలన "బార్బరా వెర్నన్" అని సంతకం అచ్చు వేసి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాల్టర్ హేవర్డ్ ఆ పని అందుకున్నాడు.

చారిటీ షాపుల్లో కుప్పలుగా దొరికేవి 1970ల తర్వాతివి. మూడు నాలుగు పౌండ్లకి వస్తాయి. సంతకం ఉన్నది కనపడితే మాత్రం ముఖంలో ఏ భావమూ చూపించకుండా తీసుకుని కౌంటర్ దగ్గరికి నడవండి.

అటకమీది_పిల్లి
సన్యాసిని గారు రాత్రిపూట కుందేళ్ళ సంసారం గీశారా. మఠంలో ఎవరూ ఏమీ అనలేదా 😀

లీసెస్టర్_శారద
సంసారం అంటే వంట, పెళ్ళి, పిక్నిక్. మీ బుర్ర ఎటు పోతుందో.

పింగాణీ_పిచ్చోడు
శారద గారూ, బన్నీకిన్స్ మీద నాకో అభ్యంతరం ఉంది. మరీ ఎక్కువ చేశారు, దశాబ్దాల పాటు చేశారు. పెళ్ళిలో పుట్టినరోజులో గిఫ్టు వస్తుంది, డబ్బా విప్పకుండా బీరువాలో పెడతారు. దాన్ని సేకరించడంలో వేట ఏముంది? నాకైతే బఫెలో పాటరీ పళ్ళెం దొరికిన రోజే పండగ. న్యూయార్క్ రాష్ట్రంలో లార్కిన్ అనే సబ్బుల కంపెనీ ఉండేది. సబ్బులు కొంటే బహుమతిగా సామాను ఇచ్చేవారు. ఆ బహుమతుల కోసమే 1901లో సొంతంగా పింగాణీ కంపెనీ పెట్టేశారు. ఎర్రబుగ్గల క్యాంప్‌బెల్ సూప్ పిల్లలు ఉన్నారు కదా, 1904లో గ్రేస్ డ్రేటన్ అనే ఆవిడ గీసినవాళ్ళు. వాళ్ళ బొమ్మలతో బఫెలో వాళ్ళు పిల్లల పళ్ళేలు వేశారు. సబ్బుల కంపెనీ పళ్ళెం మీద సూప్ కంపెనీ పిల్లలు.

సంతబేరం
స్టీలు గిన్నెలిచ్చి పాత బట్టలు తీసుకునేవాళ్ళు గుర్తొచ్చారు. అమెరికా వాళ్ళకి సబ్బులు.

లీసెస్టర్_శారద
ఎక్కువ చేస్తే విలువ లేదంటారా? సరే, షెల్లీ అనే ఇంగ్లీషు కంపెనీ వాళ్ళవి చూడండి. చిత్రకారిణి మేబెల్ లూసీ యాట్‌వెల్ బొమ్మలు, 1926లో మొదలయ్యాయి. ఆకుపచ్చ బట్టలు వేసుకున్న బుల్లి మరుగుజ్జులు, పుట్టగొడుగు ఆకారంలో టీపాట్. అవి మీకు మూడు పౌండ్లకి రావు.

మియాపూర్_టు_మిషిగన్
సీసం సార్ పోస్టు మా అత్తగారికి చదివి వినిపించాను. "అయితే వందేళ్ళ కిందట ఆ పిల్లలందరూ ఏమయ్యారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

సీసం_సార్
మంచి ప్రశ్న. వాళ్ళ ఇంటి గోడలకి సీసం రంగు, నీళ్ళ గొట్టాలు సీసం, ఇంకొన్నాళ్ళకి పెట్రోలులో సీసం. పళ్ళెం ఒక్కదాని వాటా ఎంతో విడదీసి ఎవరూ చెప్పలేరు. అందుకే చెయ్యగలిగిన జాగ్రత్త చెయ్యాలి.

డల్లాస్_దమయంతి
నా కేసు కొంచెం తేడా. అడుగున ఇంకో అడుగు ఉన్న పళ్ళెం కొన్నాను. పక్కన చిన్న ముక్కులాగా ఉంది, దానికి కార్క్ బిరడా ఉండాలి, పోయింది. తెచ్చిన కొత్తలో మావారు అది హుక్కా సామాను అనుకున్నారు. తర్వాత తెలిసింది, ఆ ముక్కులోంచి వేడినీళ్ళు పోస్తే పైన అన్నం చల్లారకుండా ఉంటుందట. ఒక గంట సేపు బతిమాలుతూ తినిపించే తల్లుల కోసం ఎవరో బాగా ఆలోచించారు. అలాంటివాటిలోనే పై భాగం పింగాణీ, కింద లోహం తొట్టి ఉన్నవి కూడా చూశాను.

నెల్లూరు_నిమ్మకాయ
ఆ పళ్ళెం ఇప్పుడు కూడా కావాలి మా ఇంట్లో. మా పిల్లాడికి అరవై ముద్దలు, డెబ్భై కథలు.

పింగాణీ_పిచ్చోడు
దమయంతి గారూ, అలాంటివి కొనేటప్పుడు లోపల వెలుగు పడేలా టార్చ్ వేసి చూడాలి. చల్లటి పళ్ళెంలో మరిగే నీళ్ళు పోసి చాలావాటికి లోపల చీలిక తెచ్చారు. పైకి కనపడదు.

బిట్రగుంట_బండి
చాలాకాలంగా చదవడమే తప్ప రాయలేదు. ఈ పళ్ళేలు అమెరికా, ఇంగ్లండ్‌లోనే కాదు, మన దగ్గరా ఉన్నాయి.

మా తాతయ్య బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఆ కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. డ్రైవర్లు, గార్డులు. స్వాతంత్ర్యం వచ్చాక ఒక్కొక్కరే ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. పోయేవాళ్ళు మంచాలు, కుర్చీలు, వంటసామాను చుట్టుపక్కల వాళ్ళకి అమ్మేవారు, కొన్ని ఊరికే ఇచ్చేవారు. అలా మా నాయనమ్మకి ఒక పిల్లల పళ్ళెం వచ్చింది. మందంగా, అంచు పైకి నిలబడి, మధ్యలో బొమ్మ. నాకు ఊహ తెలిసేసరికే ఆ బొమ్మ సగం అరిగిపోయింది. కుక్క అని మా నాన్న, గుర్రం అని మా బాబాయి. ముగ్గురు పిల్లలు, తర్వాత మేము ఐదుగురం మనవలం అందులోనే ఇడ్లీ తిన్నాం. వెనక "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని, కింద "టన్‌స్టాల్" అని ఉంది. ఇప్పుడు అది నా దగ్గరుంది. పక్కన చిన్న పెచ్చు ఊడింది.

ఏ కాలం నాటిదో ఎవరైనా చెప్పగలరా? అమ్మడానికి కాదు.

లీసెస్టర్_శారద
టన్‌స్టాల్ అంటే స్టాఫర్డ్‌షైర్‌లో పింగాణీకి పేరుపడ్డ ఆరు ఊళ్ళలో ఒకటి. టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హ్యాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్‌టన్. ఇప్పుడన్నీ కలిసి స్టోక్-ఆన్-ట్రెంట్ నగరం.

"మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని పూర్తిగా ఉంటే సాధారణంగా 20వ శతాబ్దపు సరుకే. 1890లో అమెరికా ఒక సుంకాల చట్టం తెచ్చింది, 1891 నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండి తీరాలి. దాంతో మొదట ఉత్త "ఇంగ్లండ్" అని వేసేవారు, "మేడ్ ఇన్" తర్వాత జోడించారు. మీ నాయనమ్మగారికి ఎప్పుడొచ్చిందో చూస్తే 1920 నుంచి 1940ల మధ్యదని నా అంచనా. ముద్రలో కిరీటం గానీ, ఓడ గానీ ఉందా? ఫోటో పెడితే కంపెనీ పేరు కూడా తేల్చొచ్చు.

పింగాణీ_పిచ్చోడు
ముద్రలు చదవడం వస్తే సగం మోసాలు తప్పుతాయి. వజ్రం ఆకారంలో గుర్తు ఉంటే 1842 నుంచి 1883 మధ్య రిజిస్టరు చేసిన ఇంగ్లీషు డిజైన్. "ఆర్‌డీ నంబర్", అంటే రిజిస్టరు నంబరు, ఉంటే 1884 తర్వాత. "నిప్పన్" అంటే 1921కి ముందు జపాన్ నుంచి అమెరికా వచ్చింది, ఆ తర్వాత "జపాన్" అనే వేయాలని పట్టుబట్టారు. "ఆక్యుపైడ్ జపాన్" ఉంటే యుద్ధం తర్వాత 1952 లోపు. అయితే ముద్ర ఒక్కదాన్నే నమ్మకండి, ముద్ర కొట్టడం అన్నిటికంటే తేలికైన పని. బరువు, అరుగుదల, బొమ్మ అచ్చు, అన్నీ ఒకే కాలం చెప్పాలి.

సంతబేరం
బిట్రగుంట అన్నా, పెచ్చు ఊడింది, బొమ్మ అరిగింది అంటున్నావు. మార్కెట్లో దానికి విలువ సున్నా. బాధపడకు, ఉన్నమాట చెప్తున్నా.

బిట్రగుంట_బండి
అమ్మడానికి కాదని రాశాను కదన్నా.

డల్లాస్_దమయంతి
సంతబేరం గారూ, అసలు ఈ లెక్కే నాకు నచ్చదు. మచ్చ లేని పళ్ళేనికి వంద డాలర్లు, చెంచా గీతలున్నదానికి పది. పిల్లల కోసం చేసిన వస్తువు మీద పిల్లల గుర్తు ఉంటే తప్పా? మచ్చ లేదంటే ఆ పిల్లాడు అందులో తినలేదనే కదా.

సంతబేరం
అక్కా, మనసు వేరు మార్కెట్ వేరు. కొనేవాడు బొమ్మ కోసం కొంటాడు, బొమ్మ అరిగితే మిగిలేది తెల్ల పళ్ళెం.

పింగాణీ_పిచ్చోడు
ఇద్దరిదీ నిజమే అని తప్పించుకోను, నేను దమయంతి గారి వైపు, కానీ ఒక షరతు. అరుగుదల వేరు, పగులు వేరు. చెంచా గీతలు, బంగారు అంచు పలచబడటం నాకు ఇష్టమే. నిలువునా చీలిక ఉంటే తీసుకోను. అది ఇవాళ కాకపోతే రేపు రెండు ముక్కలవుతుంది.

చీలిక పట్టుకోవడం కష్టం కాదు. అరచేతి మీద నిలబెట్టి గోటితో కొట్టండి. మట్టికుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు కొట్టి వినేవారే, అదే పద్ధతి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే ఎక్కడో చీలింది. అతికించి రంగేసింది అనుమానమైతే నల్ల లైటు (అతినీలలోహిత లైటు) వేసి చూడండి, కొత్తగా పూసిన రంగు చాలాసార్లు వేరేగా మెరుస్తుంది.

కూకట్‌పల్లి_కుందేలు
ఎండటోపీ పాపల పళ్ళెం ఒకటి ఆన్‌లైన్‌లో చూస్తున్నాను. బట్టలు ఉతకడం, ఇస్త్రీ చేయడం, రోజుకో పని. "రాయల్ బైరాయిట్, చాలా పాతది" అని రాశాడు. రేటు మాత్రం అనుమానంగా తక్కువ.

లీసెస్టర్_శారద
ఆగండి. జర్మనీలో టెటావ్ అనే ఊరి కంపెనీ అది, ఆ పాపల్ని గీసింది అమెరికా ఆవిడ బెర్తా కార్బెట్. అసలువి 1900ల తొలినాళ్ళవి. ఏడు రోజుల ఏడు పళ్ళేలు 1974లో ఆ కంపెనీయే మళ్ళీ వేసింది. అవి మోసం కాదు, కాకపోతే పాతవి కాదు. వాటిని పాతవని అమ్మేవాడిది మోసం. పైగా అసలు కంపెనీతో సంబంధం లేని నకళ్ళూ తిరుగుతున్నాయి. వెనక వైపు ఫోటో అడగండి. పంపకపోతే వదిలేయండి.

కూకట్‌పల్లి_కుందేలు
అడిగాను. "వెనక ఏముంది, అందం ముందే కదా" అన్నాడు.

అటకమీది_పిల్లి
పెళ్ళిచూపుల్లో కూడా ఇదే మాట విన్నాను.

నెల్లూరు_నిమ్మకాయ
అక్షరాల పళ్ళేల గురించి ఎవరూ చెప్పలేదేంటి? అంచు మీద ఏ నుంచి జెడ్ దాకా ఉబ్బెత్తుగా ఉంటాయి. నాకు వాటి మీదే కన్ను.

లీసెస్టర్_శారద
వాటి మీద ఒక రాత్రంతా రాయగలను. 19వ శతాబ్దంలో స్టాఫర్డ్‌షైర్‌లో లక్షణంగా అమ్ముడుపోయిన సరుకు. తింటూ అక్షరాలు దిద్దాలని. మధ్యలో బొమ్మలు చూస్తే ఆ కాలం తల్లిదండ్రుల మనసు తెలుస్తుంది. ఆటలు, జంతువులు కొన్నయితే, బెంజమిన్ ఫ్రాంక్లిన్ నీతివాక్యాలు అచ్చేసినవి బోలెడు. సోమరిగా ఉండకు, డబ్బు దాచుకో, పొద్దున్నే లే. అన్నం తింటుంటే కూడా క్లాసే. నాకు అన్నిటికంటే ఇష్టమైనది లాంగ్‌టన్‌లో ఎయిన్స్‌లీ వాళ్ళు వేసిన చేతిసైగల పళ్ళెం. చెవిటి పిల్లల కోసం ఒక్కో అక్షరానికి వేళ్ళ సైగ బొమ్మ ఉంటుంది. రెండుసార్లు వేలంలో పోగొట్టుకున్నాను.

సంతబేరం
ఎంత దగ్గర ఆగారు?

లీసెస్టర్_శారద
మావారు ఈ వేదిక చదువుతారు. చెప్పను.

అటకమీది_పిల్లి
మియాపూర్ అన్నా, ఆ గీతల్లో మురికి ఉంటే బ్లీచ్‌లో ఒక రాత్రి నానబెట్టు. మా అపార్ట్‌మెంట్ సింక్ తళతళలాడింది.

పింగాణీ_పిచ్చోడు
వద్దు వద్దు వద్దు. సింక్ వేరు, ఇది వేరు. చిట్లిన గ్లేజు కింద మట్టి నీటిని పీల్చుకుంటుంది. బ్లీచ్ కూడా లోపలికి పోతుంది, ఎంత కడిగినా పూర్తిగా రాదు. ఆరాక ఉప్పు గడ్డకట్టి గ్లేజుని లోపలి నుంచి తోసేస్తుంది. కొన్నాళ్ళకి పొరలు పొరలుగా ఊడుతుంది.

మురికి మరీ ఇబ్బందిగా ఉంటే ముందు మంచినీళ్ళలో నానబెట్టి, తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్. మందుల షాపులో దొరికే 3 శాతం చాలు, ఓపిక కావాలి. బంగారు అంచు ఉంటే ముట్టుకోకండి. డిష్‌వాషర్, మైక్రోవేవ్ మాటే ఎత్తొద్దు. నా వరకు గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి గుడ్డ, అంతే. ఆ గోధుమరంగు గీతలు దాని వయసు.

ఉగ్గుగిన్నె_ఉమ
మీరందరూ పళ్ళేల దగ్గరే ఆగిపోయారు. పళ్ళెం దాకా రాకముందు పసివాళ్ళకి పట్టే సామాను ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దంలో పాప్ బోట్ అనేవారు. పడవ ఆకారం, ఒక కొన ముక్కులా సాగి ఉంటుంది. రొట్టె, పాలు కలిపిన జావ అందులోంచి పోసేవారు. మన ఉగ్గుగిన్నె పక్కన పెడితే అక్కాచెల్లెళ్ళే అంటారు. మనది వెండి, ఇత్తడి, కంచు. వాళ్ళది వెండితో పాటు మీగడరంగు పింగాణీ కూడా.

1770లో లండన్‌లో హ్యూ స్మిత్ అనే డాక్టరు బబ్బీ పాట్ అని ఒకటి తయారు చేశాడు. చూడటానికి టీపాట్‌లా ఉంటుంది, ముక్కు చివర గుడ్డ కడితే బిడ్డ చప్పరిస్తుంది. ఆలోచన మంచిదే, కానీ ఆ ముక్కు లోపల కడగడం ఎలా? పాలు పులిసిపోయి ఎందరు పిల్లలు పోయారో. విక్టోరియా కాలంలో పొడుగాటి రబ్బరు గొట్టం ఉన్న సీసాలు వచ్చాక ఇంకా ఘోరం, వాటికి జనమే హంతక సీసాలని పేరు పెట్టారు.

సీసం_సార్
చూశారా, మన ఉగ్గుగిన్నె గొప్పతనం అదే. మొత్తం తెరిచి ఉంటుంది, వేలు పెట్టి తోమొచ్చు. నెల తక్కువ పిల్లలకి దక్షిణాది ఆసుపత్రుల్లో ఇప్పటికీ అలాంటి గిన్నెతోనే పాలు పడతారు, పాలాడై అంటారు.

నిర్వాహకుడు
ఉగ్గుగిన్నెల మీద వేరే దారం తెరవండి, ఇది మట్టి సరుకు విభాగం. వెండి మొదలైతే తులం రేటు దాకా పోతుంది, నాకు అనుభవమే.

ఉగ్గుగిన్నె_ఉమ
సరే మట్టి సంగతే చెప్తాను. జర్మనీలో బవేరియా దగ్గర పసిపిల్లల సమాధుల్లో ముక్కున్న చిన్న మట్టిపాత్రలు దొరికాయి. కంచు యుగం చివర, ఇనుప యుగం మొదట్లోవి. 2019లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు లోపలి మట్టికి అంటుకున్న కొవ్వు పరీక్షిస్తే పశువుల పాలని తేలింది. ఆ కాలపు పాత్రల్లో కొన్నిటికి జంతువుల ఆకారం, కాళ్ళు కూడా ఉంటాయి. మూడువేల ఏళ్ళ కిందటి అమ్మ కూడా బొమ్మ చూపించి పట్టిందన్నమాట.

నెల్లూరు_నిమ్మకాయ
కుందేళ్ళ బొమ్మల ఐడియా సన్యాసిని గారిది కాదన్నమాట 😀

హైదరాబాద్_హుస్సేన్‌సాగర్
ఇండియాలో ఉన్నవాళ్ళం ఏం చెయ్యాలి? ఇక్కడ దొరుకుతాయా?

సంతబేరం
జుమ్మేరాత్ బజార్ గురువారం పొద్దున్నే వెళ్ళు. పిల్లల పళ్ళేలు అరుదు, కానీ పాత కప్పులు, విరిగిన టీసెట్ల మధ్య ఒక్కోసారి తగులుతాయి. "ఇంగ్లీషు మాల్" అని చెప్పి నాలుగింతలు అడుగుతాడు. నువ్వు పళ్ళెం వైపు చూడకు, పక్కనున్న పాత ఫ్యాను బేరం చెయ్యి. చివర్లో "ఇది కూడా వెయ్యి" అను. సికింద్రాబాద్ లాలాగూడ వైపు పాత రైల్వే ఇళ్ళు ఖాళీ చేస్తున్నారని వింటే కూడా ఒక చెవి అటు వెయ్యి.

హైదరాబాద్_హుస్సేన్‌సాగర్
ఫ్యాను నిజంగానే ఇచ్చేస్తే?

సంతబేరం
మే నెల్లో వెళ్ళు, నష్టం లేదు.

డల్లాస్_దమయంతి
ఇండియాకి తీసుకెళ్ళేవాళ్ళు సూట్‌కేస్‌లో చీరల మధ్య పెట్టి సరిపెట్టుకోకండి. పళ్ళేనికి మెత్తటి కాగితం చుట్టి చిన్న పెట్టె, దాన్ని ఇంకో పెద్ద పెట్టెలో పెట్టి మధ్యలో ఖాళీ నింపాలి. తిరుగు ప్రయాణంలో అదే సూట్‌కేస్‌లో ఆవకాయ తెచ్చుకుంటే అడ్డంగా కాదు, నిలువుగా.

మియాపూర్_టు_మిషిగన్
ఇంట్లో పంచాయితీ తేలింది. పరమాన్నం వెండిగిన్నెలో. అత్తగారి మాట పోకుండా, పాప ముందు పుస్తకం, పెన్ను, బంగారం, పువ్వు పెడతాం కదా, ఆ వరసలో ఈ పళ్ళెం కూడా పెడుతున్నాం. తినడానికి కాదు, పట్టుకోవడానికి. ఆ తర్వాత వెంటనే తీసేసి పాప చేతులు కడగమని మా ఆవిడ షరతు. సీసం సార్, దీనికైనా ఒప్పుకుంటారా?

సీసం_సార్
నోట్లో పెట్టుకోకుండా చూసుకుంటే ఒప్పుకుంటాను. ఆరు నెలల పిల్ల ఏది దొరికినా ముందు నోట్లోకే. ఒకళ్ళు పక్కనే కూర్చోండి.

అత్తగారి_పార్టీ
పిల్ల పళ్ళెం పట్టుకుంటే కలెక్టర్ అయినట్టే. ఏ రకం కలెక్టరో పెద్దయ్యాక తేలుతుంది.

అటకమీది_పిల్లి
ఈ దారంలో బెస్ట్ పోస్టు ఇదే. అత్తగారి పార్టీకి నా ఓటు.

ఒహాయో_ఒంటరి
ఆలస్యంగా చూశాను. మే నెలలో బ్రిమ్‌ఫీల్డ్ పాతసామాను సంతకి ఎవరైనా వెళ్తున్నారా? మసాచుసెట్స్, ఏడాదికి మూడుసార్లు పెడతారు, మే, జూలై, సెప్టెంబర్. క్లీవ్‌ల్యాండ్ నుంచి కారులో బయలుదేరుతున్నాను, ఇద్దరికి చోటుంది. పళ్ళేలకి డిక్కీలో చోటుంది.

పింగాణీ_పిచ్చోడు
నేను వస్తాను. కానీ బఫెలో పళ్ళెం కనపడితే ముందు చూసినవాడిదే, కారు నీదైనా సరే.

ఒహాయో_ఒంటరి
అయితే పెట్రోలు నీది.

డల్లాస్_దమయంతి
మీరెవరైనా వెళ్తే నా వేడినీళ్ళ పళ్ళేనికి సరిపోయే కార్క్ బిరడా చూడండి. రంధ్రం అర అంగుళం కంటే కొంచెం తక్కువ.

పింగాణీ_పిచ్చోడు
దానికి బ్రిమ్‌ఫీల్డ్ దాకా ఎందుకండీ, హార్డ్‌వేర్ షాపులో కింద సన్నగా పైన లావుగా ఉండే కార్కులు అమ్ముతారు. రెండు మూడు సైజులు తెచ్చుకుని ఏది సరిగ్గా పడితే అది పెట్టేయండి. గట్టిగా నొక్కకండి, ముక్కు విరుగుతుంది.